తెల్లగోడ ముందు నల్లముఖం: వర్ణవివక్ష మీద షార్ట్‌ఫిల్మ్, సలహాలు కావాలి

బ్రాడీపేట నాలుగో లైను

అందరికీ నమస్కారం. 14 నిమిషాల స్క్రిప్టు సిద్ధంగా ఉంది, ఇక్కడే జతచేశాను. కథ గుంటూరులోనే జరుగుతుంది. టాంజానియా నుంచి వచ్చి ఇంజినీరింగ్ చదువుతున్న కుర్రాడు, అతనికి మేడమీద గది అద్దెకిచ్చిన రిటైర్డ్ టీచరమ్మ, కింద వాటాలో ఒక కుటుంబం. నీళ్ల దగ్గర మొదలైన గొడవ రంగు దాకా పోతుంది. క్లైమాక్సులో వీధి జనం కుర్రాడి మీద పడతారు. టీచరమ్మ అడ్డంగా నిలబడి నాలుగు మాటలు కడిగేస్తుంది, అందరూ తలదించుకుంటారు.

సరంజామా: మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, 35, 50, 85 ఎంఎం లెన్సులు, 60 వాట్ల ఎల్‌ఈడీలు రెండు, థర్మోకోల్ షీట్లు నాలుగు.

టెస్ట్ షూట్‌లో సున్నం గోడ ముందు ఇద్దర్నీ నిలబెడితే కుర్రాడి ముఖంలో వివరమే లేదు. ఐఎస్‌వో (కెమెరా వెలుతురుకి స్పందించే మోతాదు) పెంచితే గోడ, టీచరమ్మ తెల్లచీర పేలిపోతున్నాయి, అంటే వివరం పోయి వట్టి తెలుపు మిగులుతోంది. ఇది మొదటి ప్రశ్న. తిట్లు ఎంతవరకు పెట్టొచ్చు? ఏ సినిమాలు చూడాలి, వాటిలో ఏం గమనించాలి? ఇవి మిగతా రెండు.

కృష్ణలంక కెమెరా

మొదటిదానికి చెబుతాను. మీ కెమెరా ఫ్రేము మొత్తం సగటు చూస్తుంది. ముప్పాతిక ఫ్రేము తెల్లగా ఉంటే వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. ఆ దెబ్బ నల్లటి ముఖానికి తగులుతుంది. ఈ వరసలో చేయండి:

ముందు గోడ సంగతి. నటులని గోడకి కనీసం 7 అడుగుల దూరం జరపండి, గోడమీద లైటు పడకుండా కట్టర్ (లైటుకి అడ్డంపెట్టే నల్ల పలక) పెట్టండి. ఇల్లుగలవాళ్లు ఒప్పుకుంటే ఆ ఒక్క గోడకీ పాత పసుపో, ఆకుపచ్చో డిస్టెంపర్ వేయించండి. తెల్లచీరని పలచటి టీ డికాషన్లో ముంచి ఆరేయండి. తెరమీద తెలుపుగానే కనిపిస్తుంది, పేలదు.

తర్వాత లైటు. కుర్రాడి ముఖంమీదికి నేరుగా లైటు కొట్టకండి. ముదురు చర్మం తీరు వేరు, అది నిగారింపుతో ఆకారం చూపిస్తుంది. ఎదురు లైటు కొడితే నుదుటి మీద ఒక తెల్లమచ్చ, మిగతాదంతా చీకటి. లైటుని పక్కకి, ముప్పాతిక కోణంలో పెట్టి స్కిమ్మర్ గుండా వదలండి. స్కిమ్మర్ లేకపోతే 4 అడుగుల చట్రానికి పలచటి తెల్ల కాటన్ గుడ్డ బిగించండి. లైటు ఎంత పెద్దదిగా, ఎంత దగ్గరగా ఉంటే నిగారింపు అంత వెడల్పుగా, మెత్తగా పరుచుకుంటుంది.

ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉంటే దూరంతో లెక్క తేల్చండి. లైటు నుంచి కుర్రాడు 4 అడుగులు, టీచరమ్మ 6 అడుగుల దూరంలో ఉంటే ఆమె మీద పడే వెలుతురు సగం కన్నా తక్కువ, అంటే ఒక స్టాపు (వెలుతురు సగమైతే ఒక స్టాపు) పైచిలుకు తేడా. ఇంకా కావాలంటే ఆమె వైపు సగానికి నెట్ (వెలుతురు తగ్గించే వలగుడ్డ) పెట్టండి.

ఇక ఎక్స్‌పోజర్. జీబ్రా (వెలుతురు మనం పెట్టిన శాతానికి చేరిన చోట కెమెరా తెరమీద చారలు చూపించే అమరిక) 70 దగ్గర పెట్టుకుని ముఖాన్ని అక్కడిదాకా లాగడం తెల్లచర్మానికి చెప్పిన పాఠం. ఇతని ముఖం 40 నుంచి 50 మధ్య ఉంటే చాలు. చెంప ఎముక మీద మెరుపు 65 దాటకపోతే మరీ మంచిది. 70కి లాగితే చర్మం బూడిద పూసినట్టవుతుంది.

అమరావతి రోడ్డు

మేకప్ సంగతీ చెప్పండి కృష్ణలంక గారూ. ఇక్కడ మేకప్ వాళ్లు అలవాటుగా కాంపాక్ట్ పౌడర్ అద్దేస్తారు.

కృష్ణలంక కెమెరా

అవునండీ, అది మర్చిపోకూడదు. పౌడర్ వద్దు. అది నిగారింపుని చంపేస్తుంది, పైగా లేతరంగు పౌడరైతే ముఖం తెల్లబారిపోతుంది. మాయిశ్చరైజర్ రాసి, చెంపలకీ ముక్కుకీ వేలి కొసతో రెండు చుక్కల నూనె అద్దితే చాలు. ఎండలో చెమట కావాలంటే గ్లిజరిన్, నీళ్లు సమపాళ్లలో కలిపి స్ప్రే చేయండి. వట్టి నీళ్లయితే మన వేడికి రెండు టేకులు కూడా ఆగవు.

పటమట ఎడిటింగ్

దీనికి చిన్న అనుబంధం. "గ్రేడింగ్‌లో (షూటింగ్ అయ్యాక రంగు, వెలుతురు సరిదిద్దేటప్పుడు) లేపుదాంలే" అనుకోవద్దు. 8 బిట్ ఫుటేజిలో (వెలుతురు మెట్లు తక్కువుండే రికార్డింగులో) నీడల్ని లేపితే ముందు నాయిస్, అంటే ఇసుక జల్లినట్టు చుక్కలు వస్తాయి, తర్వాత యూట్యూబ్ కంప్రెషన్ దాన్ని గళ్లుగళ్లు చేస్తుంది. రంగు మాత్రం తేలిక. వెక్టర్‌స్కోపులో (ఎడిటింగ్‌లో రంగుల్ని గుండ్రటి పటం మీద చూపించే పరికరం) చర్మపు గీత అందరికీ దాదాపు ఒకటే, తెల్లవాళ్లయినా నల్లవాళ్లయినా ఆ గీత చుట్టుపక్కలే పడతారు. మారేది వెలుతురు మోతాదు. కాబట్టి ఇద్దరికీ ఒకే కరెక్షన్ వేయకుండా, కుర్రాడి ముఖానికి వేరే మాస్క్ కట్టి (ఆ భాగాన్ని విడిగా ఎంచుకుని), మిడ్‌టోన్లు, అంటే మధ్యస్థపు వెలుతురు భాగాలు మాత్రం ముట్టుకోండి.

గాంధీనగర్ రీలుపెట్టె

ఈ వెలుతురు గొడవకి చరిత్ర ఉంది, మీ సబ్జెక్టులో అది భాగం కూడా. కొడాక్ ల్యాబులు ప్రింట్ల రంగులు సరిచూసుకోవడానికి షిర్లీ కార్డు అనే నమూనా ఫొటో వాడేవి. అందులో ఉండేది తెల్లజాతి స్త్రీ. ఆమె చర్మం బాగా వస్తే ప్రింటు బాగున్నట్టు. నల్లపిల్లలు, తెల్లపిల్లలు కలిసి దిగిన స్కూలు గ్రూపు ఫొటోల్లో నల్లపిల్లల ముఖాలు మునిగిపోయేవి. ముదురు గోధుమరంగులు సరిగా రావడంలేదని చాక్లెట్ కంపెనీలు, ఫర్నిచర్ కంపెనీలు ఫిర్యాదు చేశాకే ఫిల్మ్‌ని ఆ వైపు మెరుగుపరిచారని ఆ సంస్థలో పనిచేసినవాళ్లే చెప్పారు. పిల్లల ముఖాల కోసం కాదు, టేకు బల్లల కోసం!

అందుకే 1967లో వచ్చిన "ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్" చూడమంటాను. కెమెరా హాస్కెల్ వెక్స్‌లర్. రంగుల హాలీవుడ్ సినిమాలో నల్లనటుడి ముఖం కోసమే లైటింగ్ ఆలోచించి చేసిన తొలి పెద్ద సినిమాల్లో అదొకటి. సిడ్నీ పోయిటియర్ ముఖంమీద మెరుపు చెదరకుండా లైటు మోతాదు తగ్గించాడు. కథ జరిగేది మిసిసిపీలో. కానీ అమెరికా దక్షిణ రాష్ట్రాలకి రావడం ప్రాణానికి ముప్పని పోయిటియర్ అనడంతో ఎక్కువ భాగం ఇల్లినాయ్‌లోని స్పార్టా అనే ఊళ్లో తీశారు. మొక్కలు పెంచే గాజుఇంట్లో తెల్ల ఆసామి చెంపదెబ్బ కొడితే పోయిటియర్ వెంటనే తిరిగి కొట్టే షాటు దగ్గర ఆపి చూడండి. ఆ దెబ్బ తర్వాత ఎవరి ముఖాలు ఎంతసేపు చూపించారో లెక్కపెట్టండి. మీ క్లైమాక్సుకి పనికొస్తుంది.

సూర్యారావుపేట

క్లైమాక్సు మాట వచ్చింది కాబట్టి నిష్ఠూరమైనా చెబుతున్నాను. మీ స్క్రిప్టులో దెబ్బలు తినేది ఒకరు, హీరో అయ్యేది ఇంకొకరు. కుర్రాడు ఆఖరి మూడు నిమిషాలూ నోరు మెదపడు, టీచరమ్మ ఉపన్యాసం ఇస్తుంది. హాలీవుడ్ దశాబ్దాలుగా చేసిన తప్పే ఇది. "మిసిసిపీ బర్నింగ్" 1988లో వచ్చింది. 1964లో ముగ్గురు పౌరహక్కుల కార్యకర్తల హత్య దానికి ఆధారం. ఆ ఉద్యమాన్ని నడిపిన నల్లవాళ్లు సినిమాలో వెనక వరసలో భయంగా నిలబడి ఉంటారు, కథంతా ఇద్దరు తెల్ల ఎఫ్‌బీఐ అధికారులది. ఈ విషయంలో కొందరు విమర్శకులు ఉతికి ఆరేశారు.

ఒక కాగితం తీసుకుని ఈ పని చేయండి. ప్రతి సీనుకీ మూడు గళ్లు: నిర్ణయం ఎవరు తీసుకున్నారు, ఆఖరి క్లోజప్ ఎవరిది, ఆఖరి మాట ఎవరిది. 14 నిమిషాలకి పది, పన్నెండు సీన్లు ఉంటాయి కదా. మూడు గళ్లలోనూ కుర్రాడి పేరు సగం సీన్లలో కూడా లేకపోతే అది అతని కథ కాదు, టీచరమ్మ మంచితనం కథ. అలా తీయదలుచుకుంటే తీయండి, తప్పులేదు. కానీ వర్ణవివక్ష మీద సినిమా అని పోస్టర్ మీద వేయకండి.

బ్రాడీపేట నాలుగో లైను

నిష్ఠూరం ఏముందండీ, కావలసింది ఇదే. అయితే మన ప్రేక్షకుడికి చెడ్డవాడెవరో స్పష్టంగా కనిపించాలి కదా? ఆర్‌ఆర్‌ఆర్‌లో దొరని చూడగానే ఒళ్లు మండుతుంది, అందుకే నాటు నాటుకి హాలు ఊగిపోయింది.

గాంధీనగర్ రీలుపెట్టె

ఆ పాట కట్టుబడి చూడండి, ఊరికే ఊగలేదు. ముందు అవమానం: మీకు డాన్సేం తెలుసని అందరి ముందూ తెల్లకుర్రాడి ఎత్తిపొడుపు. తర్వాత సవాలు, తర్వాత ఇద్దరి అడుగు ఒకటే కావడం, ఆపైన ఎవరు ముందు కూలబడతారన్న పోటీ. ద్వేషాన్ని ఊపిరి బలానికి మార్చారు. అర్థం కావడానికి భాష అక్కర్లేదు. కీవ్‌లోని అధ్యక్ష భవనం ముందు 2021లో తీశారు, వెనక ఆ భవనం ఠీవి కూడా దొరతనం పని చేసింది. మాస్ సినిమాగా నిఖార్సైన పని.

సూర్యారావుపేట

పనితనం ఒప్పుకుంటాను. కానీ ఆ దొరని చూసి మన హాల్లో ఎవడూ "ఇది నేనే" అనుకోడు. వర్ణవివక్ష తెల్లవాడి జబ్బు, మనం బాధితులం అన్న హాయి మిగులుతుంది. ఈ కథలో బాధితుడు నల్లకుర్రాడు, వివక్ష చూపించేది మనవాళ్లు. దొరగారి మీసం తీసి కింద వాటా అంకుల్‌కి అతికిస్తే ప్రేక్షకుడు తప్పించుకుంటాడు.

తెనాలి పాతసినిమా

దొరల మాటకొస్తే 1974 అల్లూరి సీతారామరాజులో రూథర్‌ఫర్డ్ వేసింది మన జగ్గయ్య గారు. తెనాలి దగ్గర మోరంపూడి మనిషి. హీరో కృష్ణదీ ఆ పక్కనే బుర్రిపాలెం. అంటే తెరమీద తెల్లజాతికీ మన్యం వీరుడికీ యుద్ధం, తెర వెనక ఇద్దరూ తెనాలి వాళ్లే! జగ్గయ్య గారి కంచుకంఠంలో రూథర్‌ఫర్డ్‌కి హుందాతనం వచ్చింది. అందుకే ఆ ఇద్దరూ ఎదురుపడితే కార్టూన్ కాదు, నాటకం. విలన్‌కి మాట్లాడే హక్కు ఇస్తే హీరో బరువు తగ్గదు.

అయితే మనవాడే తెల్లవాడి వేషం వేసిన ఆనాటి పద్ధతి మీరు తిరగేసి వాడొద్దు. మనవాడికి నల్లరంగు పూసి ఆఫ్రికా కుర్రాడని నిలబెట్టడం మాత్రం చేయకండి. 1915లో "బర్త్ ఆఫ్ ఎ నేషన్"లో ముఖ్యమైన నల్లపాత్రలకి తెల్లనటులు మసి రంగు పూసుకున్నారు. ఆ సినిమా నల్లవాళ్ల మీద దాడులు చేసిన తెల్లవాళ్ల ముఠా కు క్లక్స్ క్లాన్‌ని వీరులుగా చూపించింది, అదే ఏడు ఆ ముఠా మళ్లీ పుట్టింది. దానికి నల్లవాళ్ల వైపు నుంచి తెరమీద వచ్చిన జవాబుగా నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో 1920లో తీసిన "విదిన్ అవర్ గేట్స్" చెబుతారు. దాని ప్రింటు చాలా ఏళ్ల తర్వాత స్పెయిన్‌లో దొరికింది. రెండూ ఒకదాని వెంట ఒకటి చూస్తే, ఒకే దేశంలో ఒకే కాలంలో కెమెరా ఎటు నిలబడిందన్నదాన్ని బట్టి ఎంత తేడా వస్తుందో తెలుస్తుంది.

ఉండవల్లి గుహ

మనకి జాతి కన్నా కులమే కదండీ అసలు గొడవ? గుంటూరులో సినిమా తీస్తూ టాంజానియా దాకా ఎందుకు?

తెనాలి పాతసినిమా

రెంటికీ చోటుంది. కులం మీద మనవాళ్లు 1938లోనే మాలపిల్ల తీశారు, గూడవల్లి రామబ్రహ్మం గారు. కానీ తెరకెక్కించే పద్ధతి వేరు. రంగు ఫ్రేములో దానంతటదే కనిపిస్తుంది. కులం కనిపించదు. ఇంటిపేరుతో, బావితో, టీ కొట్టు గ్లాసుతో, ఊళ్లో ఇల్లున్న చోటుతో చెప్పాలి. రంగుతో ఉన్న ప్రమాదం ఏమిటంటే, కనిపిస్తోంది కదా అని దర్శకుడు ఇంకేమీ చెప్పడు. ఆ కుర్రాడికి ఊరు, తల్లి, అప్పు, వెటకారం ఏమీ లేకుండా చర్మం ఒక్కటే పాత్ర అయిపోతుంది.

అమరావతి రోడ్డు

అదే నేనూ అనబోయాను. స్క్రిప్టులో అతను "ఆఫ్రికా అబ్బాయి". టాంజానియా అనుకున్నారు కాబట్టి దానికి తగ్గట్టు రాయండి. ఇంట్లో మాట స్వాహిలి. పెద్దవాళ్లు కనిపిస్తే "శికమూ" అని పలకరించడం అక్కడి మర్యాద, మొదటిరోజు టీచరమ్మతో నోరుజారి అదే అంటాడు. వండుకునేది ఉగాలి, మొక్కజొన్న పిండితో గట్టిగా కలిపిన ముద్ద. పక్కన తోటకూర, వాళ్లు మ్చిచా అంటారు. (తోటకూర చూసి రెండు దేశాలూ నవ్వుకునే సీను మాత్రం పెట్టకండి, దణ్ణం పెడతాను.)

ఇంకో సంగతి. తూర్పు ఆఫ్రికాలో గుజరాతీ వ్యాపారులు తరతరాలుగా ఉన్నారు. దార్ ఎస్ సలాం కుర్రాడికి ఇండియన్ అంటే కౌంటర్ అవతల కూర్చున్న షావుకారు. అంటే మనమీద అతనికీ ముందే ఒక లెక్క ఉంటుంది. అది వాడుకోండి, పాత్రకి నడుం వస్తుంది. మీరా నాయర్ "మిసిసిపీ మసాలా" (1991) చూడండి. 1972లో ఉగాండా నియంత ఇదీ అమీన్ ఆసియా వాళ్లని 90 రోజుల్లో ఉగాండా వదిలిపొమ్మన్నాడు. అలా వెళ్లగొట్టిన కుటుంబం మిసిసిపీలో మోటెళ్లు నడిపే చుట్టాల మధ్య బతుకుతూ, కూతురు నల్లకుర్రాణ్ణి ప్రేమిస్తే తట్టుకోలేకపోతుంది. బాధితుడే వివక్ష చూపించడం ఎలా రాయాలో అక్కడ ఉంది. తండ్రి పాత్రని దుర్మార్గుణ్ణి చేయలేదు, అతని పాత గాయం చూపించి అతని తప్పు కూడా చూపించారు.

సూర్యారావుపేట

కింద వాటా కుటుంబానికి ఇది సరిగ్గా సరిపోతుంది. నిజానికి మన ఊళ్లలో "నువ్వు నల్లవాడివి, ఇల్లివ్వం" అని ఎవరూ అనరు. "మాకు పోలీసు గొడవలు పడవండీ" అంటారు. అందులో సగం నిజం ఉండటమే కథకి బలం. విదేశీయులకి గది ఇస్తే యజమాని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి, ఏళ్ల తరబడి సి ఫారం అని పిలిచింది దాన్నే. ఆ ఫారం ప్రింటు టేబుల్ మీద ఉంచండి. టీచరమ్మ పూర్తి చేస్తూ ఒక గడి దగ్గర ఆగుతుంది, కింద వాటా ఆయన ఫోన్‌లో చూసిన వార్త ఏదో చదివి వినిపిస్తాడు. కాగితం పనిని సాకు చేసుకుని భయం నడుస్తుంది. విలన్ అక్కర్లేదు.

పటమట ఎడిటింగ్

గొడవ మొదలయ్యే వస్తువు చిన్నదిగా ఉండాలి. స్పైక్ లీ "డు ద రైట్ థింగ్" (1989) మొత్తం పిజ్జా కొట్టు గోడమీది ఫొటోలతో రాజుకుంటుంది. కొట్టుకొచ్చేది నల్లవాళ్లు, గోడమీద ఉన్నది ఇటాలియన్ అమెరికన్లు. బ్రూక్లిన్‌లో ఒకే వీధి, ఎండ మండే ఒకే రోజు. గోడలకి ఎరుపు, వెచ్చటి రంగులు వేసి నీలం, ఆకుపచ్చ వీలైనంత తగ్గించారు, కెమెరాని వంచారు. మే నెల విజయవాడ తెలిసినవాళ్లకి ఆ సినిమా ఉక్క వేరే చెప్పక్కర్లేదు.

మీకు ఆ గోడ ఏది? మోటారు స్విచ్. ట్యాంకు మేడమీద, స్విచ్ బోర్డు కింద వాటా వరండాలో. కుర్రాడు నీళ్ల కోసం రోజూ కిందికి దిగి అడగాలి. ఒకరోజు ఆ బోర్డుకి చిన్న డబ్బా, డబ్బాకి తాళం పడుతుంది. 85 లెన్సుతో ఆ తాళం, వెనక మసగ్గా మెట్లు దిగుతున్న కాళ్లు. డైలాగు లేదు. అయిదారు సెకన్లు ఉంచండి.

తిట్ల సంగతికి వస్తే అదే సినిమాలో ఒక వరస ఉంది. ఒక్కొక్క జాతి మనిషి కెమెరా కళ్లలోకి చూస్తూ ఇంకో జాతిని బూతులు తిడతాడు, చివరికి రేడియో జాకీ ఆపండ్రా బాబూ అంటాడు. అందరూ తిట్టేవాళ్లే కావడంతో ఎవరి పక్షానా నవ్వలేం. మీ సినిమాలో తిట్టు ఒక్కసారే వాడండి. అనేవాడి మీద కెమెరా వద్దు, విన్నవాడి మీద ఉంచండి. మాట అయ్యాక కనీసం రెండు సెకన్లు కట్ చేయకండి. మాట వెంటనే అన్నవాడి ముఖానికో, పక్కవాడి నవ్వుకో కట్ చేస్తే అది జోకవుతుంది, హాలు నవ్వుతుంది. మన కామెడీ ట్రాకులు రంగు మీద నవ్వడం అలవాటు చేశాయి కాబట్టి ఆ ప్రమాదం ఇక్కడ ఎక్కువ.

కృష్ణలంక కెమెరా

జనం మీదపడే సీను గురించి ఎవరూ చెప్పలేదు. దాన్ని నడిచే వీధిలో, కెమెరా దాచి తీయడం మాత్రం వద్దు. నిజంగా కొడుతున్నారనుకుని దారినపోయేవాళ్లు చేతులు కలుపుతారు, ఎవరి వైపు కలుపుతారో మీ చేతిలో ఉండదు. గేటున్న ఆవరణ చూసుకోండి, స్టేషన్లో ముందే రాతపూర్వకంగా చెప్పండి.

పదిహేనుమంది ఉంటే చాలు. కెమెరాకి దగ్గరగా నలుగురు వీపులతో, నడుమ ఆరుగురు, వెనక అయిదుగురు కదులుతూ ఉంటే 85 లెన్సులో వీధి నిండినట్టుంటుంది. వెడల్పుగా చూపించే 35 వేస్తే ఖాళీలు బయటపడతాయి. కాలర్ పట్టుకునే షాటులో బలమంతా దెబ్బ తినేవాడిదే కావాలి: అతను రెండుచేతులతో ఎదుటివాడి మణికట్టు పట్టుకుని తనవైపు లాక్కుంటాడు, కొట్టేవాడి చెయ్యి వదులుగా ఉంటుంది. మెడ మీద చెయ్యి వద్దు, మెడ కింది ఎముకకి దిగువన, ఛాతీ మీదే. రెండుసార్లు తడితే ఆపేయాలని అందరికీ ముందే చెప్పండి. రిహార్సల్ సగం వేగంతో మొదలుపెట్టండి. ఆ కుర్రాడు నిజంగా ఇక్కడ చదువుకునే విద్యార్థి అయితే ఆ సీను ముందురోజే పూర్తిగా వివరించి, వద్దంటే వద్దనే వీలుండాలి.

అమరావతి రోడ్డు

దానికి తోడు: విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు డబ్బు తీసుకుని పనిచేయడం చిక్కు. నటించమని అడిగే ముందే కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్లని కలిసి, ఏది కుదురుతుందో కాగితం మీద తీసుకోండి. తర్వాత ఇబ్బంది పడేది మీరు కాదు, అతను.

గాంధీనగర్ రీలుపెట్టె

సినిమాహాల్లో టికెట్టు పెట్టి వేస్తే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి, షార్ట్‌ఫిల్మ్ అయినా సరే. జాతుల్ని, మతాల్ని కించపరిచే దృశ్యాలు, మాటలు ఉండకూడదని 1991 మార్గదర్శకాల్లో ఉంది. కానీ సినిమా మొత్తం ఏం చెబుతోందో చూసి తేల్చాలనీ వాటిలోనే ఉంది. అందుకని తిట్టున్న సీను ఎందుకుందో సారాంశంలో ఒక పేరాలో రాసి ఇవ్వండి.

బ్రాడీపేట నాలుగో లైను

మోటారు స్విచ్ తీసుకుంటున్నాను, చేతులెత్తి దణ్ణం. క్లైమాక్సులో టీచరమ్మ ఉపన్యాసం తీసేశాను. తాళం ఎవరు తీయాలన్నది కుర్రాడి నిర్ణయంగా మార్చి రాస్తున్నాను. ఒక్క అనుమానం: కుర్రాడి ఇంగ్లిషు మనవాళ్లకి అర్థం కాదేమోనని తెలుగు డబ్బింగ్ చెప్పిద్దామా?

మంగళగిరి సౌండు

వద్దండీ. ముఖం అతనిది, గొంతు ఇక్కడి మిమిక్రీ ఆర్టిస్టుది అయితే ఇంతసేపు పడ్డ శ్రమ వృథా. యాసని వెటకారం చేసినట్టే ఉంటుంది. కాలర్ మైకు పెట్టి లొకేషన్లోనే రికార్డు చేయండి. ఫ్యాను ఆపేయండి, షూటింగ్ అయ్యాక ఖాళీ గది శబ్దం ఒక నిమిషం తీసుకోండి, డైలాగుల మధ్య అతుకులకి అదే పనికొస్తుంది.

సబ్‌టైటిల్స్ మీద కొంచెం శ్రద్ధ. కుర్రాడి మాటలకి మాత్రమే వేసి, తెలుగువాళ్ల మాటలకి ఇంగ్లిషు వేయకపోతే ఫెస్టివల్‌లో చూసే అతని స్నేహితులకి సగం సినిమా పోతుంది. రెండువైపులా ఒకే సైజు, ఒకే రంగు. తెలుగు లైను 30 అక్షరాలు దాటితే విరగ్గొట్టండి, రెండు లైన్లకి మించకండి. ఒత్తులు కింది లైను గుడుల్ని తగులుతాయి కాబట్టి లైన్ల మధ్య ఎడం మామూలు కన్నా పెంచాలి. అతను ఫోన్లో తల్లితో స్వాహిలిలో మాట్లాడేది కూడా అనువదించండి. అక్కడ "విదేశీ భాష" అని బ్రాకెట్లో వేసి వదిలేయకండి. ఆ మాటలు ఎవరైనా స్వాహిలి వచ్చిన విద్యార్థి చేత రాయించి, ఇంకొకరి చేత సరిచూపించండి.

మోటారు శబ్దం మర్చిపోకండి. స్విచ్ వేయగానే వచ్చే మూలుగు, ట్యాంకు నిండి పొర్లే చప్పుడు విడిగా రికార్డు చేసి పెట్టుకోండి. తాళం పడ్డ సీన్లో ఆ రెండూ లేకపోవడమే వినిపించాలి.